తీర్మానాల పుస్తకంలోకి ఎక్కని గొడవ

ఏ పంచాయతీ ఆఫీసు బీరువా తెరిచినా తీర్మానాల పుస్తకం ఉంటుంది. పైన తేదీ, కింద సంతకాలు, కొన్ని చోట్ల వేలిముద్రలు, మధ్యలో ఎన్నేళ్ళయినా మారని వాక్యం: ‘పై విషయమును సభ్యులు కూలంకషముగా చర్చించి ఏకగ్రీవముగా ఆమోదించడమైనది.’ ఆ రోజు సభలో ఉన్నవాళ్ళని అడిగితే వేరే కథ చెబుతారు. బోరు ఏ వాడలో వెయ్యాలన్న దగ్గర గంటన్నర గొడవైంది, ఒకాయన కండువా దులుపుకుని లేచి వెళ్ళిపోయాడు, వెనక నిలబడ్డ ఆడవాళ్ళు ఏదో అడగబోతే ‘మీది తర్వాత’ అన్నారు, ఆ తర్వాత అనేది రానే లేదు. పుస్తకంలో ఇదేదీ కనబడదు. అందులో ఎవరి తప్పూ లేదు కూడా, ఆ పుస్తకం పని నిర్ణయం రాసుకోవడమే.

శాసనసభకీ పార్లమెంటుకీ ఈ లోటు లేదు. అక్కడ మాట మాటా రాసుకునే రిపోర్టర్లుంటారు, ఎక్కడ అడ్డం తగిలారో, ఎక్కడ సభ గందరగోళమైందో బ్రాకెట్లో పడుతుంది. 1946 నుంచి 1949 దాకా రాజ్యాంగ సభలో ఎవరేం మాట్లాడారో ఇవాళ తేదీ వారీగా చదువుకోవచ్చు. 1993 ఏప్రిల్ 24న అమల్లోకొచ్చిన 73వ సవరణతో గ్రామసభ కూడా రాజ్యాంగంలోకి ఎక్కింది, 243ఎ అధికరణ దాని గురించే. హోదా వచ్చింది గానీ రిపోర్టరు మాత్రం రాలేదు. కాబట్టి ఊరి జనం తమ నీళ్ళ గురించీ రేషన్ కార్డుల గురించీ శ్మశానం దారి గురించీ ఏమని వాదించుకున్నారో తర్వాత తరానికి తెలియాలంటే, ఆ పూట ఎవరో ఒకరు టేపు పెట్టి ఉండాలి.

అలా టేపు పెట్టిన సందర్భాలు మన దగ్గర లేకపోలేదు. ఒక్క పాత మెదక్ జిల్లాలోనే మూడు రకాలవి దొరుకుతాయి. ఒకటి పరిశోధకులు చేసింది, ఒకటి రైతుల జ్యూరీ కోసం చేసింది, ఒకటి ఊళ్ళోని ఆడవాళ్ళు తమకు తామే చేసుకున్నది. మూడూ అటూ ఇటుగా ఒకే కాలానివి, రెండు మూడు మండలాల తేడాలో జరిగినవి కూడా ఉన్నాయి. కానీ ఒక్కోదాని గతి ఒక్కోలా అయింది. స్థానిక రాజకీయాల రికార్డింగులు దాచడం అనే పని ఎక్కడ తేలుతుందో, ఎక్కడ మునుగుతుందో తెలుసుకోవాలంటే ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి చూడడం కంటే మంచి దారి లేదు.

మొదటిది గ్రామసభల టేపులు. 2000 దశకం మొదట్లో ప్రపంచ బ్యాంకు ఆర్థికవేత్త విజయేంద్ర రావు, ఆయనతో పనిచేసిన పరిశోధకులు నాలుగు దక్షిణాది రాష్ట్రాల్లో, అంటే అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్, కర్ణాటక, తమిళనాడు, కేరళల్లో, దాదాపు 300 గ్రామసభల్ని రికార్డు చేయించారు. టేపుల్ని ఆ భాషలోనే మాట పొల్లు పోకుండా రాయించి, తర్వాత ఇంగ్లీషులోకి తెచ్చుకున్నారు. ఊళ్ళ ఎంపికలో ఒక తెలివైన పని చేశారు. 1956లో భాష ప్రాతిపదికన రాష్ట్రాలు గీసినప్పుడు అప్పటిదాకా కలిసి ఉన్న ప్రాంతాలు అటూ ఇటూ అయిపోయాయి కదా, ఆ గీతకి రెండు వైపులా ఉన్న జిల్లాలు తీసుకున్నారు. మెదక్ ఇటు, బీదర్ అటు. పాలక్కాడ్ ఒకవైపు, కోయంబత్తూరు ఇంకోవైపు. మెదక్, బీదర్ రెండూ నిజాం ఇలాకాలోవే, నేల ఒకటే, వానలు ఒకటే, కులాల అమరికా ఇంచుమించు ఒకటే. అలాంటప్పుడు రెండు చోట్ల సభల్లో మాట తీరు వేరుగా ఉందంటే దానికి కారణం జనం స్వభావం కాదు, ఆ యాభై ఏళ్ళలో రెండు ప్రభుత్వాలూ పంచాయతీలని నడిపిన తీరే అయ్యుండాలి. వాళ్ళ వాదన స్థూలంగా ఇదే: ఊళ్ళో జనం సభలో ఎలా మాట్లాడతారన్నది చాలావరకు పై నుంచి తయారవుతుంది. కేరళలో 1996 నుంచి ప్రజా ప్రణాళిక పేరుతో ఊరి సభల్ని పనిగట్టుకుని పెంచారు, ఇక్కడ అదే కాలంలో, 1997 నుంచి, జన్మభూమి సభలు పంచాయతీకి సమాంతరంగా నడిచాయి, అధికారి వేదిక మీద, అర్జీ చేతిలో. ఒక చోట జనం పద్దుల గురించి అడగడం నేర్చుకున్నారు, ఇంకో చోట అర్జీ ఇవ్వడం నేర్చుకున్నారు. (అర్జీ ఇవ్వడం తక్కువ పని అని కాదు. కానీ అది చర్చ కాదు.)

ఈ టేపుల్లోంచి బయటపడ్డ ముఖ్యమైన విషయం ఇంకోటుంది. గ్రామసభలు ఉత్త తంతు, అక్కడ ఏమీ తేలదు అని చదువుకున్నవాళ్ళు చాలాకాలంగా అంటున్నదే. రావు, తోటి పరిశోధకురాలు పరోమితా సన్యాల్ ఆ మాటని కొంచెం తిప్పి చూశారు. నిర్ణయం తేలిందా లేదా అని కాకుండా, మామూలు రోజుల్లో ఎదురుగా నిలబడి మాట్లాడలేని మనిషి ఆ పూట నలుగురిలో నిలబడి ‘తెల్లకార్డు వాళ్ళకెందుకొచ్చింది, మాకెందుకు రాలేదు’ అని పేరు పెట్టి అడిగాడా లేదా అని చూశారు. అడిగారు. పేదల జాబితాలో ఎవరుండాలి అన్న ప్రశ్న మీద నడిచిన కొట్లాటల్లో గౌరవం అనే విషయం మళ్ళీ మళ్ళీ పైకొచ్చింది. ఇది తీర్మానాల పుస్తకం చూసి పట్టుకోగలిగేది కాదు. పుస్తకంలో ‘లబ్ధిదారుల జాబితా ఆమోదించడమైనది’ అని ఉంటుంది, అంతే.

తర్వాత్తర్వాత ఇదే దారిలో తమిళనాడు గ్రామసభల ప్రతుల్ని కంప్యూటర్‌తో జల్లెడ పట్టి 2019లో ఒక అధ్యయనం వచ్చింది. ఆడవాళ్ళు సభకి వస్తున్నా మాట్లాడే అవకాశం తక్కువ, వాళ్ళు ఎత్తిన విషయం చర్చగా నిలబడే అవకాశం ఇంకా తక్కువ, అధికారి నుంచి అడిగినదానికి సరైన జవాబు రావడం మరీ తక్కువ అని తేలింది. అయితే రిజర్వేషన్ వల్ల ఆడమనిషి అధ్యక్షురాలైన ఊళ్ళలో వాళ్ళ మాటకి జవాబు దొరకడం పెరిగింది. మన దగ్గర ‘సర్పంచ్ పేరుకే ఆవిడ, పెత్తనం అంతా మొగుడిదే’ అనే మాట ఒక జోకులా తిరుగుతుంటుంది. ఆ జోకులో నిజం ఉన్న ఊళ్ళు ఉన్నాయి, కానీ మాటలు లెక్కపెట్టి చూస్తే కుర్చీలో ఆడమనిషి కూర్చోవడం వల్ల కూడా ఏదో కదులుతోందని టేపు చెబుతోంది. లెక్కపెట్టడానికి టేపు లేకపోతే జోకు ఒక్కటే మిగిలేది.

ఇంత మేలు చేసిన ఈ టేపులతో ఒక చిక్కుంది. అవి ప్రతులయ్యాయి, ప్రతులు ఇంగ్లీషయ్యాయి, ఇంగ్లీషు నుంచి వ్యాసాలు, పట్టికలు అయ్యాయి. ఒక్కో మెట్టు దగ్గరా కొంత జారిపోయింది. తెలుగు సభలో ‘నువ్వు’, ‘మీరు’, ‘అయ్యా’, ‘సారూ’, ‘ఏరా’, ‘ఏమ్మా’ అన్న పిలుపుల్లోనే సగం రాజకీయం నడుస్తుంది. అరవై ఏళ్ళ మనిషిని ‘ఏం రా ఎల్లయ్యా’ అని పాతికేళ్ళ కుర్రాడు పిలిస్తే, ఆ ఒక్క ‘రా’ చాలు ఆ ఊరి లెక్క తెలియడానికి. అదే ఎల్లయ్య ఆ కుర్రాణ్ణి పట్టుకుని ‘పటేలా, మీరు చెప్పండి’ అంటే లెక్క పూర్తయినట్టే. ఇంగ్లీషులో ఇద్దరికీ ఒకే పదం. అలాగే ‘చేద్దాం లే’ అన్నదాంట్లో ఆ ‘లే’ చేయననే చెబుతుందని తెలుగు చెవికి వెంటనే తెలుస్తుంది, ప్రతిలో అది హామీగా నమోదైపోతుంది. ఇక క్యాసెట్ రోజుల్లో ఇంకో నష్టం కూడా ఉండేది. సీ-60 క్యాసెట్ అయితే ఒక వైపు ముప్ఫై నిమిషాలే. గొడవ మంచి వేడి మీదున్నప్పుడు టక్కుమని ఆగిపోతుంది, తిప్పి పెట్టేలోపు జరిగింది ఎవరికీ దొరకదు. అందుకే గొంతు ఉన్న టేపు ఉండగా దాన్ని ప్రతితో సరిపెట్టుకోవడం, పొలం ఉంచుకుని పాస్‌బుక్కు దున్నడం లాంటిది.

రెండోది 2001 నాటి ‘ప్రజాతీర్పు’ అనే రైతుల జ్యూరీ. జూన్ చివరి వారంలో జహీరాబాద్ దగ్గర అల్గోల్‌లో జరిగింది. అప్పటి ఉమ్మడి రాష్ట్రాన్ని విజన్ 2020 అనే ప్రభుత్వ అభివృద్ధి ప్రణాళిక మాట ఊపేస్తోంది, వ్యవసాయం మీద బతికేవాళ్ళ శాతాన్ని 70 నుంచి 40కి తగ్గించాలన్న ఆలోచన అందులోదే. మరి వ్యవసాయం మీద బతుకుతున్నవాళ్ళు ఏమంటారు? ఇరవై మంది లోపు జ్యూరీ, అందులో ఎక్కువమంది చిన్న సన్నకారు రైతులు, అందులోనూ ఆడవాళ్ళు, దళితులు, ఆదివాసులు ఎక్కువ. వాళ్ళ ముందు మూడు భవిష్యత్తుల్ని పెట్టారు. ఒకటి విజన్ 2020 చెప్పినట్టు యంత్రాలు, జన్యుమార్పిడి విత్తనాలు, పెద్ద కమతాలు. రెండోది ఎగుమతి కోసం సేంద్రియ పంటలు. మూడోది ఊరి తిండి ఊరే పండించుకోవడం. చదవడం రానివాళ్ళు కూడా జ్యూరీలో ఉన్నారు కాబట్టి మూడింటినీ వీడియోలుగా తీసి చూపించారు. ప్రభుత్వం వైపు నుంచి, కంపెనీల వైపు నుంచి, విశ్వవిద్యాలయాల నుంచి, రైతు సంఘాల నుంచి సాక్షులొచ్చారు, జ్యూరీ వాళ్ళని ప్రశ్నలడిగింది. అంతా సరిగ్గా జరుగుతోందా లేదా అని చూడడానికి సుప్రీంకోర్టు రిటైర్డ్ జడ్జి పి.బి. సావంత్ అధ్యక్షతన ఒక పర్యవేక్షక బృందం కూర్చుంది. మొదటి నుంచి చివరి దాకా వీడియో తీశారు.

తీర్పు ఊహించగలిగేదే. కమతాలు కలపొద్దు, మనుషుల పని తీసేసే యంత్రాలు వద్దు, కాంట్రాక్టు సేద్యం వద్దు, జన్యుమార్పిడి పంటలు వద్దు, ఊరి విత్తనం మీద ఊరికే పెత్తనం ఉండాలి. అసలు కథ ఆ తర్వాత మొదలైంది. నివేదిక బ్రిటన్‌లో బయటికొచ్చాక 2002లో అది అక్కడ పెద్ద వివాదమైపోయింది, ఎందుకంటే ఆంధ్రప్రదేశ్‌కి అప్పట్లో బ్రిటన్ అభివృద్ధి శాఖ పెద్ద ఎత్తున సాయం చేస్తోంది. జ్యూరీని ఎంచుకున్న పద్ధతి సరిగ్గా లేదు, వీళ్ళు రాష్ట్రానికి ప్రతినిధులెలా అవుతారు, ముందే అనుకున్న జవాబు రాబట్టారు అని ఆ శాఖ వైపు నుంచి అభ్యంతరాలొచ్చాయి.

ఇలాంటప్పుడు రికార్డింగు విలువ తెలుస్తుంది. తీర్పు కాగితం ఒక్కటే ఉంటే, అది ఆ జ్యూరీ మాటో, పక్కన కూర్చున్న స్వచ్ఛంద సంస్థ వాళ్ళు రాసిచ్చిన మాటో తేల్చడం కష్టం. వీడియో ఉంటే ఏ సాక్షిని ఏ ప్రశ్న అడిగారో, ఎవరు ఎవరికి అందించారో, ఏ జవాబుకి నవ్వారో కనబడుతుంది. న్యాయంగా చెప్పాలంటే వీడియో కూడా అన్నీ తేల్చదు. జ్యూరీకి ఎవరిని పిలవాలి, మూడు భవిష్యత్తుల వీడియోల్లో ఏ సంగతి ఎంత గట్టిగా చెప్పాలి అన్నవి కెమెరా ఆన్ చేయకముందే అయిపోయిన పనులు, ఏ చర్చకైనా ఇంతే. అజెండా ఎవరు తయారుచేశారన్నది రికార్డింగులో ఉండదు. మున్సిపల్ కౌన్సిళ్ళ సంగతి తెలిసినవాళ్ళకి ఇది కొత్త కాదు, అజెండా కాగితాలు ముందు రోజు రాత్రి ఇస్తారు, అసలు కీలకమైనది టేబుల్ అజెండాగా చివర్లో పెట్టి ‘ఆమోదం, ఆమోదం’ అనిపిస్తారు. కెమెరా ఆ ‘ఆమోదం’ దగ్గర నుంచే మొదలవుతుంది.

మూడోది ఇదే చోట, జహీరాబాద్ దగ్గరే. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ 1983 నుంచి అక్కడి దళిత మహిళా సంఘాలతో పనిచేస్తోంది. 1990ల చివర్లో ఆ సంఘాల ఆడవాళ్ళు తమకో రేడియో కావాలన్నారు. యునెస్కో సాయంతో మాచునూరులో స్టూడియో అయితే వచ్చింది, గాలిలోకి వదలడానికి లైసెన్స్ రాలేదు. దాదాపు పదేళ్ళు వాళ్ళు చేసిన పని ఏమిటంటే రికార్డు చేయడం, ఆ క్యాసెట్లని ఊరూరి సంఘం కూటాలకి తీసుకెళ్ళి వినిపించడం. పంటలు, విత్తనాలు, పాటలు, రోగాలు, కూలి, ఊరి తగాదాలు. ప్రసారం కానివ్వకపోవడం వల్ల అనుకోకుండా ఒక భాండాగారం తయారైంది. లైసెన్స్ వెంటనే వచ్చి ఉంటే బహుశా సగం మాటలు ఆ రోజే గాల్లో కలిసిపోయేవి.

2006 నవంబరులో స్వచ్ఛంద సంస్థలకి కూడా కమ్యూనిటీ రేడియో ఇవ్వొచ్చని కేంద్రం విధానం మార్చింది. 2008 అక్టోబరు 15న 90.4 మీద సంఘం రేడియో మొదలైంది, నడిపింది జనరల్ నర్సమ్మ, అల్గోల్ నర్సమ్మ. ప్రారంభించడానికి వచ్చింది మళ్ళీ ఆ సావంత్ గారే. 1995లో వాయుతరంగాలు ప్రజల ఆస్తి అని తీర్పు చెప్పిన ధర్మాసనంలో ఉన్నాయన, 2001లో ఇక్కడే జ్యూరీని పర్యవేక్షించినాయన. ఆయన చెప్పిన తీర్పు ఆయన చూసిన ఊళ్ళకి చేరడానికి పదమూడేళ్ళు పట్టిందన్నమాట.

అయితే లైసెన్సుతో పాటు ఒక షరతు కూడా వచ్చింది. కమ్యూనిటీ రేడియో వార్తలు, వర్తమాన వ్యవహారాలు, రాజకీయ స్వభావం ఉన్న కార్యక్రమాలు ప్రసారం చేయకూడదని ఆ 2006 విధానంలోనే ఉంది. ఎందుకు పెట్టారో అర్థం చేసుకోవచ్చు. కానీ ఆచరణలో దీని అర్థం చూడండి. ఊరి చెరువు పూడిక గురించి మాట్లాడితే వ్యవసాయం, పూడిక డబ్బులు ఏమయ్యాయి అంటే రాజకీయం. వంద వాట్ల ట్రాన్స్‌మిటరు, ముప్ఫై మీటర్ల టవరు, చుట్టుపక్కల ఊళ్ళకి మాత్రమే వినబడే గొంతు, దానికి అత్యంత సహజంగా మాట్లాడాల్సింది ఊరి సంగతే, ఆ సంగతే నిషేధపు గీత మీద నిలబడి ఉంటుంది. దాంతో ఏ స్టేషన్‌లోనైనా ఎవరూ చెప్పకుండానే ఒక కత్తెర పనిచేస్తుంది. ఏది ప్రసారం చేయరో దాన్ని రికార్డు చేయడం కూడా మెల్లగా తగ్గుతుంది. భాండాగారాల్లో ఖాళీలు ఎక్కువగా ఇలాగే పుడతాయి, అగ్ని ప్రమాదాల వల్ల, చెదల వల్ల పుట్టేవి వీటి ముందు తక్కువే.

అయినా ఈ మూడో రకం రికార్డింగుకి మొదటి రెండింటికీ లేని బలం ఒకటుంది. వినేవాళ్ళకి ఆ గొంతు ఎవరిదో తెలుసు. పరిశోధకుల ప్రతిలో ‘గ్రామస్తురాలు, ఎస్సీ, మహిళ’ అని ఉండే చోట, ఊళ్ళో ‘ఇది ఫలానా ఆమె, అప్పటికింకా వాళ్ళాయన బతికే ఉన్నాడు, ఆ ఏడు కందులు పోయినయి’ అని చెప్పగలిగేవాళ్ళుంటారు. రికార్డింగుకి ఇంతకంటే మంచి క్యాటలాగు లేదు. చిక్కేమిటంటే అది మనుషుల తలల్లో ఉంది, ఆ తలలు నెరిసిపోతున్నాయి. క్యాసెట్లు కూడా అంతే. వేడికీ తేమకీ టేపు మీద పూత ఊడుతుంది, బూజు పడుతుంది, అన్నిటికంటే ముందు వాయించే మిషను దొరకడం మానేస్తుంది. డిజిటల్ చేయడం ఖర్చు పెద్దది కాదు, కుదించకుండా దాచినా ఒక గంట స్టీరియో ఆడియో 635 మెగాబైట్లు, మామూలు ఎంపీ3 అయితే 58 మెగాబైట్ల లోపే. ఖర్చంతా కూర్చుని విని, ఇది ఎవరు, ఏ ఊరు, ఏ సంవత్సరం, దేని గురించి అని రాసే మనిషి టైముది. ఆ పని మానేసి వెయ్యి గంటలు హార్డ్ డిస్కులోకి ఎక్కిస్తే, ఏ గంటలో ఏముందో తెలియని వెయ్యి గంటలు మిగులుతాయి, వాటిని ఎవరూ వినరు.

తెలుగులో ‘దాచడం’ అనే మాటకి రెండు అర్థాలు, భద్రంగా పెట్టుకోవడం ఒకటి, కనబడకుండా చేయడం ఒకటి. ప్రభుత్వ రికార్డింగుల విషయంలో రెండూ ఒకేసారి జరుగుతాయి. ప్రజాభిప్రాయ సేకరణనే తీసుకోండి. ఫార్మా కంపెనీయో, సిమెంటు గనో, విద్యుత్ కేంద్రమో రావాలంటే 2006 సెప్టెంబరు 14 నాటి పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ కింద ఊళ్ళో సభ పెట్టాలి. షామియానా, ముందు వరసలో అధికారులు, చుట్టూ పోలీసులు, ఒక వైపు ‘ఉద్యోగాలొస్తాయి, రావాలి’ అనేవాళ్ళు, ఇంకో వైపు ‘మా బోర్లలో నీళ్ళు రంగు మారతాయి’ అనేవాళ్ళు. మైకు ఎవరి చేతికెళ్ళాలన్న దాని మీదే తోపులాట. ఈ సభ మొత్తాన్ని వీడియో తీయించాలని ఆ నోటిఫికేషన్‌లోనే ఉంది, ఆ సీడీ సభ వివరాలతో కలిపి పంపాలని కూడా. చివర్లో సారాంశాన్ని స్థానిక భాషలో జనానికి చదివి వినిపించి అదే రోజు సంతకం చేయాలనీ ఉంది. రాతలో చూస్తే ఇంత మంచి నిబంధన ఇంకో చోట కనబడదు. ఉపాధి హామీ సామాజిక తనిఖీల మార్గదర్శకాలు కూడా అలాంటివే, సభ వీడియోని ఎడిటింగ్ లేకుండా పెట్టాలన్నాయి.

మరి జరిగేదేంటి? ‘ప్రజలు ఉపాధి అవకాశాలు కోరారు, కాలుష్యంపై ఆందోళన వ్యక్తం చేశారు, యాజమాన్యం తగు చర్యలు తీసుకుంటామని తెలిపింది’ అనే నాలుగు వాక్యాల సారాంశమే ముందుకు నడుస్తుంది. దాన్ని చదివి నిర్ణయం తీసుకునేవాళ్ళకి మూడు గంటల వీడియో చూసే తీరిక ఎక్కడుంటుంది. వీడియో మాత్రం ఫైలుకి అతికించి ఉంటుంది. కావాలంటే సమాచార హక్కు చట్టం కింద అడగొచ్చు, 2005 చట్టంలో సమాచారం పొందే హక్కు అంటే టేపులు, వీడియో క్యాసెట్ల రూపంలో పొందడం కూడా అని స్పష్టంగా రాసి ఉంది. చాలామంది దరఖాస్తులో ‘మినిట్స్ కాపీ ఇవ్వండి’ అని మాత్రమే రాసి ఊరుకుంటారు, ‘పూర్తి వీడియో కాపీ’ అని రాయాలన్నది తట్టదు.

మనమే ఇలా ఉన్నామనుకోనక్కర్లేదు. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రానికి 1953 నుంచి బహిరంగ సభల చట్టం ఉంది, సిటీ కౌన్సిలయినా స్కూల్ బోర్డయినా తలుపులు తెరిచి జరపాల్సిందే, వచ్చినవాళ్ళు ఎవరైనా రికార్డు చేసుకోవచ్చు. బే ఏరియాలో పిల్లల స్కూలు హద్దులు మారుస్తున్నారంటే మైకు ముందు వరసలో నిలబడే తెలుగు తల్లిదండ్రులకి ఇది తెలిసిన సంగతే. కానీ అదే చట్టం ప్రకారం ఆ సంస్థ తాను చేసిన రికార్డింగుని ముప్ఫై రోజుల తర్వాత చెరిపేయవచ్చు. అంటే అక్కడ కూడా చట్టం దృష్టిలో అసలు రికార్డు మినిట్సే, టేపు అది రాసుకోవడానికి ఒక పనిముట్టు.

ఇప్పుడు మన దగ్గర ఈ పాత ఆలోచనే కొత్త యంత్రంతో వస్తోంది. కేంద్ర పంచాయతీరాజ్ శాఖ 2025 ఆగస్టులో ‘సభాసార్’ అనే ఏఐ పరికరాన్ని తెచ్చింది, ఆగస్టు 15 గ్రామసభలతో త్రిపురలో మొదలుపెట్టారు. సభ ఆడియోనో వీడియోనో ఎక్కిస్తే అది కేంద్ర ప్రభుత్వపు భాషా అనువాద వేదిక భాషిణి సాయంతో మాటల్ని రాసి, మినిట్స్ తయారుచేసి ఇస్తుంది. తెలుగూ ఉంది. పంచాయతీ కార్యదర్శి బాధ తెలిసినవాళ్ళెవరూ దీన్ని ఎగతాళి చేయరు, పన్ను వసూలు నుంచి నర్సరీ మొక్కల ఫొటోల దాకా ఒక్క మనిషి నెత్తినే ఉంటాయి, మినిట్స్ రాయడం తప్పితే ఎంతో హాయి. పైగా కార్యదర్శి తనకి నచ్చినట్టు రాసుకునే అవకాశం కూడా తగ్గుతుంది.

అయితే పొందికగా మాట్లాడిన మాటని యంత్రం బాగా పట్టుకుంటుంది. మైకు ముందు అధికారి చదివిన నివేదిక అక్షరం పొల్లు పోకుండా వస్తుంది. మైకుకి ఇరవై అడుగుల దూరంలో నిలబడి, జహీరాబాద్ వైపు ఉర్దూ, కన్నడం కలిసిన తెలుగులో, ఇంకో ఇద్దరి మాటల మధ్యలోంచి అరిచిన మాట రాదు, లేదా గోల కింద లెక్కవుతుంది. ఒకేసారి నలుగురు మాట్లాడే చోటే మన సభల్లో అసలు విషయం బయటికొస్తుంది, యంత్రానికి అన్నిటికంటే కష్టమైన చోటూ అదే. సారాంశం తీయడం అంటేనే ఎక్కువసార్లు, స్పష్టంగా వినబడినదాన్ని ముందుకు తేవడం. తమిళనాడు సభల్లో ఎవరి మాట తక్కువ వినబడిందో లెక్క తేలింది కదా, ఆ తక్కువే ఇక్కడ ఇంకా తక్కువవుతుంది. అప్పుడు వచ్చే వాక్యం కూలంకషముగా చర్చించి ఏకగ్రీవముగా ఆమోదించడమైనది అన్న పాత వాక్యానికి శుభ్రమైన వాడుక భాషలో తోబుట్టువు.

కాబట్టి సభాసార్ లాంటివి వాడే చోట అడగాల్సింది మినిట్స్ ఎంత బాగా వచ్చాయని కాదు, మినిట్స్ వచ్చాక ఆడియో ఏమైంది అని. అది ఎన్నేళ్ళుంటుంది, ఎవరి దగ్గరుంటుంది, ఊళ్ళో మనిషి వెళ్ళి ‘పోయినేడు అక్టోబరు సభలో మా వాడ నీళ్ళ గురించి ఏఈ ఏమన్నాడో వినిపించండి’ అంటే వినిపిస్తారా. తెలంగాణలో 2018 చట్టం ప్రకారం రెండు నెలలకోసారి గ్రామసభ జరగాలి. సభకి రెండు గంటలు వేసుకున్నా ఊరికి ఏడాదికి 12 గంటలు, ఎంపీ3లో 700 మెగాబైట్లు కూడా కావు. ఒక పెళ్ళి వీడియో అంతకంటే పెద్దది. జాగా లేదన్న సాకు చెల్లదు.

ఈలోపు నిజంగా రికార్డు చేస్తున్నది ఎవరయ్యా అంటే లోకల్ యూట్యూబ్ చానెళ్ళ కుర్రాళ్ళు. మున్సిపల్ సమావేశంలో కౌన్సిలర్ పోడియం ఎక్కాడన్నా, గ్రామసభలో ఇళ్ళ జాబితా చదివినప్పుడు గొడవైందన్నా ముందు అక్కడుండేది వాళ్ళే. వాళ్ళు పెట్టేది ఆ గొడవ ముక్క ఒక్కటే, నలభై సెకన్లు, కింద ఎర్ర అక్షరాలు. దాని ముందేం జరిగిందో, తర్వాత ఎలా చల్లబడిందో ఉండదు, ఉన్నది ఫోన్‌లో మెమొరీ నిండగానే పోతుంది. ముక్కల వల్ల ఇంకో నష్టం కూడా ఉంది. తన మాట రాత్రికి వాట్సాప్‌లో తిరుగుతుందని తెలిసిన మనిషి సభలో నోరు విప్పడానికి జంకుతాడు, లేదా కెమెరా కోసమే మాట్లాడతాడు. కూలి పని ఇచ్చే ఆసామి మీద ఫిర్యాదు చేసే ఆడమనిషికి అది వట్టి మొహమాటం కాదు, రేపటి పని పోయే వ్యవహారం. అందుకే మొత్తం రికార్డింగు దాచడం వేరు, దాన్ని వెంటనే లోకమంతా చూసేలా పెట్టడం వేరు. కొన్ని టేపులు ఊళ్ళో అడిగినవాళ్ళకి వినిపిస్తే చాలు, కొన్ని పదేళ్ళాగి తెరవొచ్చు. మాచునూరు ఆడవాళ్ళు లైసెన్స్ లేని పదేళ్ళూ చేసింది దాదాపు అదే, సంఘం కూటంలో అందరూ కూర్చున్నాక క్యాసెట్ పెట్టేవాళ్ళు.

ఇక ప్రజాభిప్రాయ సేకరణ సీడీల సంగతి. 2006 నాటి నోటిఫికేషన్‌లో టేపు లేదా సీడీ అని రాశారు, అప్పటికి అవే వాడుకలో ఉండేవి. ఇంట్లో రాసుకున్న సీడీల్లో రంగు పొర కాలంతో పాడవుతుంది, పదిహేను ఇరవై ఏళ్ళయితే కొన్ని తెరుచుకోవు. బాగున్నవి కూడా ఫైలులో ట్యాగుకి కట్టిన కవర్లో ఉంటాయి. ఇప్పుడు ఆఫీసులకి కొంటున్న కంప్యూటర్లలో సీడీ డ్రైవ్ రావడం లేదు.